మండలి ముంతలో నల్ల గింజ

నిన్న మధ్యాహ్నం ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పాలమూరులో నేను చదివిన కాలేజీలోనే ఇప్పుడు పాఠాలు చెబుతోందట. కాలేజీ ఉత్సవాలకు ఒక సంచిక వేస్తున్నారు. అందులోకి పాతకాలపు ‘ఉత్తమ విద్యార్థి మండలి’ చరిత్ర రెండు పేజీలు రాసివ్వమని అడిగింది.

“ఆఫీసుల ఒక్క కాగితం గూడ లేదు మేడం. ఆ మండలిల మొదటి ఆడపిల్ల మీరేనని ఎవరో చెప్పిన్రు,” అంది. పోతూ పోతూ సంచిలోంచి నాలుగు సీతాఫలాలు తీసి బల్ల మీద పెట్టింది.

పొద్దుగూకేసరికి ఇల్లంతా ఆ పండ్ల వాసన. రాద్దామని కూర్చున్నాను. స్థాపించిన సారు, నియమాలు, జట్లు అని నాలుగు వాక్యాలు రాసి లేచాను. వంటింట్లోకి పోయాను. ఎందుకు పోయానో గుర్తు లేదు. మళ్లీ వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. సంచికకు కావలసింది ఒకటి, నా లోపల తిరుగుతున్నది ఇంకొకటి. సంచిక సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇది రాయకపోతే మాత్రం నా కాళ్లు ఒకచోట నిలిచేలా లేవు. పేర్లు రాయను. కొందరు పోయారు, ఉన్నవాళ్లకు మనవలున్నారు.

మా బాపు దర్జీ. స్టేషనుకు పోయే బాటలో మా దుకాణం. దాని వెనక మేముండే రెండు అర్రలు, పెరట్లో కిరాయికిచ్చే ఇంకో చిన్న అర్ర. బొగ్గుల ఇస్త్రీపెట్టె తడిగుడ్డ మీద చుయ్యిమన్నప్పుడు లేచే ఆవిరి వాసన నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. అమ్మ నా ఐదో ఏట పోయింది. జ్వరం తగ్గకపోతే బాపు ఆమెను రైల్లో పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగి ఒక్కడే వచ్చాడు. ఆ తర్వాత ఆయన పట్నం ముఖం చూడలేదు. బట్టల తానులు కావాలన్నా ఎవరితోనో తెప్పించుకునేవాడు. నన్ను పెంచింది అవ్వ, బాపును కన్న తల్లి.

ఆ రోజుల్లో మా గల్లీలో ఆడపిల్లకు ఉత్తరం చదవడం వస్తే చాలనుకునేవారు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు, “మెట్రిక్కు అయింది గద, ఇంకెంత సదివిపిస్తవయ్యా?” అని అడిగితే బాపు గుండుసూదులు నోట్లో పెట్టుకునేవాడు. సూదులున్నాయి కాబట్టి జవాబు చెప్పలేనన్నట్టు తల ఊపేవాడు. వాళ్లు మెట్లు దిగాక సూదులు తీసి, “ఫికర్ జెయ్యకు బిడ్డా, నువ్వు సదువు,” అనేవాడు.

అట్లా చదివి డిగ్రీ లెక్కల తరగతిలోకి వచ్చాను. తరగతిలో అరవై మంది మగపిల్లలు, మేమిద్దరం ఆడపిల్లలం. రెండో ఆమె గాజుల దుకాణం వాళ్ల అమ్మాయి. పరదా కట్టిన జట్కాలో వచ్చేది. కాలేజీ గేటు దాటగానే బురఖా మడిచి సంచిలో కుక్కేది. నవ్వితే ఆగేది కాదు. నాకు ఆమె ప్రాణం.

పెరటి అర్రలో నాకంటే ఒక తరగతి పైన చదివే అన్న ఒకడు కిరాయికి ఉండేవాడు. నల్లగొండ దిక్కు పల్లె. అమ్మానాయినలు గొర్లు కాసేవాళ్లు. ఎండాకాలమైనా భుజం మీద నల్ల గొంగడి ఉండేది కాబట్టి మేము గొంగడన్న అని పిలిచేవాళ్లం. తొలకరి పడగానే ఆ గొంగడి తడిసి ఉన్ని వాసన పెరడంతా పరుచుకునేది. అవ్వ ముక్కు మూసుకుని, “మంద మొత్తం నా పెరట్ల కట్టేసినట్టున్నది గదరా,” అని తిట్టేది. తిట్టి, కాలుతున్న జొన్నరొట్టెలోంచి ఒకటి, దాని మీద ఎల్లిపాయ కారం పెట్టి అతని అర్ర గడప మీద ఉంచేది.

వచ్చిన కొత్తలో గొంగడన్నకు చలిజ్వరం పట్టుకుంది. ఊరికి కబురు పంపినా వాళ్లవాళ్లు మందతో ఎక్కడికో పోయి ఉన్నారు. బాపు దుకాణం మూసి ఇరవై రోజులు అతని మంచం పక్కన కూర్చున్నాడు. జావ తాగించాడు, తల తుడిచాడు. అప్పటి నుంచి అతను బాపును చిన్నాయనలా ‘కాకా’ అనేవాడు, నన్ను ‘చెల్లె’ అనేవాడు. మాట తక్కువ మనిషి. ఆదివారం మా ఇంట్లో పుంటికూర వండితే మాతోనే తినేవాడు.

ఇక మండలి. దాన్ని పెట్టింది మా చరిత్ర సారు. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినాయన. బాగా చదివే పిల్లలు తమలో తాము కలిసి, ఒక ప్రమాణం చేసి, ఒక సంఘంగా ఉండే పద్ధతి వేరే దేశాల కాలేజీల్లో ఉందని ఆయన ఎక్కడో చదివారట. “మన రాళ్ల నేల మీద మాత్రం అలాంటిది ఎందుకు మొలవకూడదు?” అని మొదలుపెట్టారు. లైబ్రరీ పక్కనున్న చిన్న గది మండలికి ఇచ్చారు. అందులో ఒక పొడుగు బల్ల, ఎర్ర అట్ట పుస్తకం, ఒక మట్టి ముంత. అంతే ఆస్తి.

పుస్తకంలో ప్రతి ఏడూ కొత్తవాళ్ల పేర్లెక్కేవి. ఆఖరి ఏడాది చదివే పాత సభ్యులు, రెండో ఏడాది వాళ్లలోంచి కొత్తవాళ్లను ఎన్నుకోవాలి. మార్కులు చాలవు, సారు ఒప్పుకుంటే చాలదు. పాతవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుప్పిట మూసుకుని ముంతలో చెయ్యి పెట్టాలి. ఇష్టమైతే తెల్ల గవ్వ, కాదంటే నల్లటి సీతాఫలం గింజ. ఒక్క నల్ల గింజ పడ్డా ఆ మనిషికి మండలి లేనట్టే. ఎవరు ఏది వేశారో బయటకు చెప్పకూడదు. చెప్పినవాళ్ల పేరు పుస్తకంలోంచి కొట్టేస్తారు.

ఎన్నికైనవాళ్లకు నీలం పట్టీ ఒకటి భుజం మీదుగా వేసేవారు. ఏడాదికోసారి అందరినీ రైల్లో పట్నం తీసుకుపోయి పెద్ద లైబ్రరీలు చూపించేవారు. ఫోటో తీసి హాల్లో కట్టేవారు. అన్నిటికంటే పెద్దది, చదువు ముగిసేటప్పుడు ప్రిన్సిపాలు సంతకంతో ఒక ఉత్తరం ఇచ్చేవారు. ఆ ఉత్తరం ఉంటే పట్నంలో ఎమ్మెస్సీ సీటుకు, హాస్టలుకు దారి తెరుచుకున్నట్టే. మా జిల్లాల పిల్లలకు వేరే తెలిసినవాళ్లెవరు?

ఆ నీలం పట్టీలు కుట్టేది మా బాపే. మొదటి జట్టుకు ఆయనే కుట్టాడు, రెండో జట్టుకూ ఆయనే. రెండో జట్టులో గొంగడన్న ఉన్నాడు. అతని పట్టీ అంచు బాపు రెండుసార్లు కుట్టాడు, ఊడిపోకుండా. నేనే ఇస్త్రీ చేశాను. చేస్తూ చేస్తూ ఒకసారి నా భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నాను.

దసరా పోయాక సీతాఫలాల కాలం వచ్చింది. గుట్టల మీంచి గంపలకొద్దీ దిగేవి. పాలమూరు వీధులన్నీ ఆ తియ్యటి వాసనతో మత్తుగా ఉండేవి. కాలేజీ వెనక గోడ దాటితే ఎవరిదో తోట. నేనూ నా దోస్తూ గోడెక్కి, కళ్లు విచ్చిన కాయలు కోసి, లెక్కల పుస్తకాల సంచిలో దాచి, పండాక తరగతిలోనే చివరి బెంచీ వెనక దూరి తినేవాళ్లం. గింజలు ఊసినచోటల్లా చీమలు. అవ్వ మాత్రం గింజలు కనబడితే ఉలిక్కిపడేది. “ఆ గింజల పొడి కంట్ల పడితే కండ్లు పోతయి పోరీ, దూరం పారెయ్,” అనేది. అదే పొడి నూనెలో కలిపి పేలకని నా నెత్తికి రాసేదీ ఆవిడే.

ఆ ఏడు ఎన్నికకు అయిదుగురి పేర్లు వచ్చాయి. నలుగురు మగపిల్లలు, నేను. మార్కుల్లో నేనే ముందున్నాను. శనివారం మధ్యాహ్నం ఏడుగురు పాత సభ్యులు గదిలోకి పోయి తలుపేసుకున్నారు. నా దోస్తు నా చెయ్యి పట్టుకుని వరండాలో కూర్చోబెట్టింది. నేను కూర్చోలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. స్తంభాలు లెక్కపెట్టాను. తొమ్మిది స్తంభాలు.

సారు బయటకు వచ్చి పేర్లు చదివారు. నాలుగే చదివారు. కాగితం మడిచి నా దగ్గరికి వచ్చి, “ఒక్క నల్ల గింజ వచ్చిందమ్మా. ఆ నియమం నేనే రాశాను. ఇప్పుడు నేనే ఎలా తప్పను?” అన్నారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇంటికి పరుగెత్తాను. బాపు మిషను తొక్కుతున్నాడు. నేను ఏడుస్తూ చెప్పింది విన్నాడు. కాలు ఆపలేదు, తల ఎత్తలేదు. “పోనీ బిడ్డా. సదువైతె పోలేదు గద,” అన్నాడు. అవ్వ మాత్రం కొంగు నడుముకు దోపి, “ఎవడాడు? ఏ తల్లి కన్నదో జర చూపియ్,” అని వీధిలోకి లేచింది.

ఆ పది రోజులు నాకు తిండి సయించలేదు, పుస్తకం పట్టలేదు. ఏడుగురిలో ఎవరు? ఎవరి ముఖం చూసినా వాడే అనిపించేది. నవ్వితే ఎగతాళి అనిపించేది, నవ్వకపోతే ఏదో దాస్తున్నట్టు అనిపించేది. నా దోస్తు ఒక ఉపాయం చెప్పింది.

“అరె, ఎందుకు పరేషాన్ అయితవ్? ఒక్కొక్కని బల్ల మీద ఒక గింజ పెడ్దాం. తప్పు జేసినోడు ఉలిక్కిపడ్తడు. మా ముసలి నానీ దొంగలను గిట్లనే పట్టేది.”

తెల్లారి అందరికంటే ముందు పోయి పైతరగతిలో ఏడుగురి బల్లల మీద ఏడు నల్ల గింజలు పెట్టి, కిటికీ పక్కన నక్కాము. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఊదేశారు. ఒకడు పక్కవాడి మీదకు విసిరాడు. గొంగడన్న మాత్రం గింజను కాసేపు చూసి, జేబులో వేసుకుని కూర్చున్నాడు. “పాపం, మీ అన్నకు నీ మీద ఎంత బాధ చూడు,” అంది నా దోస్తు. నేనూ అట్లే అనుకున్నాను.

ఎర్రబడింది వకీలు కొడుకొక్కడే. గింజ చూసి గబగబా కిందకు తోశాడు. ఆడపిల్లలకు లెక్కలెందుకని ఎప్పుడో అన్నవాడు కూడా వాడే. ఇంకేం కావాలి? ఆ సాయంత్రం వాడి సైకిలు రెండు చక్రాల్లోంచి గాలి తీసేశాం. వాన పడి బురదగా ఉన్న బాటలో సైకిలును ఈడ్చుకుంటూ వాడు పోతుంటే జట్కా పరదా వెనక నుంచి చూసి కడుపు పట్టుకుని నవ్వాము. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. ఒక మనిషిని శిక్షించాక నెమ్మది దొరకాలి కదా, దొరకలేదు. మళ్లీ పెరట్లో అటూ ఇటూ తిరగడమే.

ప్రమాణం రోజు వచ్చింది. ఆ పొద్దున బాపు నాలుగు పట్టీలు ఇస్త్రీ చేయమని నా ముందు పెట్టాడు. కాదనలేదు. దుకాణం మెట్ల మీద బొగ్గులు రాజేసి మొదటి పట్టీ మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. ఊరి నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఎదురింటి చిన్నపిల్ల కొత్త గౌను వేసుకుని చూపించడానికి వచ్చింది. మెడ చుట్టూ, చేతుల చుట్టూ నీలం అంచు. పట్టీల బట్టే. ఆ బట్ట సారు ప్రత్యేకంగా తెప్పించి ఇచ్చింది. అయిదు పట్టీలకు సరిగ్గా సరిపోయేంత.

“ఎప్పుడు కుట్టిండే మా బాపు?” అని అడిగాను.

“శుక్రారం. శనారం మా మామ పెండ్లికి తొడుక్కొని పోయిన గద,” అంది.

ఆ పెండ్లీ మా ఎన్నికా ఒకే శనివారం జరిగాయి. అయిదో పట్టీ బట్ట శుక్రవారమే గౌను అంచైపోయింది. నా పట్టీ అక్కర పడదని మా బాపుకు ఒకరోజు ముందే తెలుసు.

ఇస్త్రీపెట్టె కింద నీలం బట్ట మాడిన వాసన వచ్చేదాకా నేను కదలలేదు. తర్వాత లోపలికి పోయి బాపు ముందు నిలబడ్డాను.

“బాపూ, నా పట్టీ బట్ట శుక్రారమే ఎట్ల కోసినవ్?”

మిషను ఆగింది. ఆయన సూదుల డబ్బా వైపు చెయ్యి చాపాడు. నేను డబ్బా లాగేసుకున్నాను. ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి అవ్వ నెమ్మదిగా వచ్చింది. ఆవిడకు ఆ వారంలోనే తెలిసిందట.

“వాణ్ని ఏం అడుగుతవ్ బిడ్డా? నువ్వు రైలెక్కి పట్నం పోతవని వానికి గుండెల దడ. మీ అమ్మ పోయింది, రాలె. నువ్వు గూడ రావని పిచ్చి భయం. పట్నం అంటెనే వానికి దవాఖాన మెట్లు యాదికొస్తయి.”

“గింజ ఎవలు ఏసిన్రు?”

అవ్వ పెరటి అర్ర వైపు చూసింది. అడగక్కరలేదని అప్పుడు తెలిసింది. ఏడుగురిలో మా ఇంట్లో అన్నం తిన్నవాడు ఒక్కడే.

గొంగడన్న పెరట్లో బావి దగ్గర చొక్కా ఉతుక్కుంటున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నా ముఖంలో అంతా ఉన్నట్టుంది.

“నువ్వేనా అన్నా?”

తల ఊపాడు.

“ఎందుకు?”

“కాక అడిగిండు.”

“అడిగితె ఏస్తవా? నా మార్కులు నీకెరుక లేవా?”

“ఎరికె.” చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. “నాకు జరమొచ్చిన్నాడు ఏం అడగకుంట ఇరవై దినాలు కూసున్నడు. ఒక్కటడిగితె ఎట్ల కాదంట చెల్లె?”

“నన్ను చెల్లె అనకు ఇగ,” అన్నాను. అని, ఉతికిన చొక్కా తీసి బురదలో పడేశాను. ఆ పని ఎందుకు చేశానో ఇప్పటికీ సిగ్గేస్తుంది. అతను వంగి చొక్కా తీసుకుని మళ్లీ నీళ్లలో ముంచాడు.

సాయంత్రం అయిదింటికి ప్రమాణం. పోకూడదనుకున్నాను. కాళ్లు నిలవలేదు. నా దోస్తును వెంటబెట్టుకుని హాలు కిటికీ దగ్గర నిలబడ్డాను. బల్ల మీద దీపం, ఎర్ర అట్ట పుస్తకం. నలుగురు కొత్తవాళ్లు వరుసగా నిలబడ్డారు. పాతవాళ్లలో ఎక్కువ మార్కులున్నవాడు ఒక్కో వాక్యం చదివితే కొత్తవాళ్లు అనాలి. ఆ ఏడు చదవవలసింది గొంగడన్న. గొంగడి లేకుండా, నీలం పట్టీతో, ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

“అబద్ధం ఆడను,” అని చదివాడు. నలుగురూ అన్నారు.

“నా బుద్ధికి తోచిన న్యాయమే తప్ప...” అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. సారు ముందుకు వంగి, “ఇంకొకరి మాట మీద తీర్పు చెప్పను,” అని అందించారు. అతను కాగితం బల్ల మీద పెట్టేశాడు.

“సారూ, గీ మాట నేను సదివియ్యలేను. శనారం నాడు నల్ల గింజ ఏసింది నేనే. నా బుద్ధితోని ఏయలేదు. ఒకలు ఏయుమంటె ఏసిన.”

సారు కుర్చీలోంచి లేచారు.

“ఎవరు వెయ్యమన్నారు?” అన్నారు సారు.

“అది జెప్ప.”

“నువ్వు ఏది వేశావో బయటపెట్టావు, ఏమవుతుందో తెలుసా? ఇప్పుడు ఆ పేరు చెప్పినా నియమం నిన్ను వదలదు. పుస్తకంలో నీ పేరు...”

“తెలుసు సారూ.”

భుజం మీంచి పట్టీ తీసి నాలుగు మడతలు పెట్టాడు. దీపం పక్కన పెట్టి, నలుగురు కొత్తవాళ్ల ముందు నుంచి నడిచి బయటకు వచ్చాడు. కిటికీ దాటేటప్పుడు నన్ను చూశాడో లేదో తెలియదు. లోపల సారు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర సిరాతో గీత కొట్టారు. ముందు వరుసలో వకీలు కొడుకు రుమాలుతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. వాడు గవ్వే వేశాడని, ఆ రోజు ఎర్రబడింది ఎవరో చేసిన పాపం తన మీదకు వస్తుందన్న భయానికని, తర్వాత వాడే నాకు చెప్పాడు. సైకిలు సంగతి నేను వాడికి ఎన్నడూ చెప్పలేదు.

ఇంటికి పోయి బాపుకు జరిగింది చెప్పాను. ఆయన పెరటి అర్ర దగ్గరికి పోయాడు. గొంగడన్న పెట్టెలో బట్టలు సర్దుతున్నాడు.

“రొట్టె తిని పో బిడ్డా,” అన్నాడు బాపు.

“వద్దు కాకా.”

అంతే మాట్లాడుకున్నారు. అతను ఊరి ఆ చివర ఇంకో అర్ర తీసుకున్నాడు. పరీక్షలు బాగానే రాశాడు. ప్రిన్సిపాలు ఉత్తరం మాత్రం రాలేదు. పట్నం పోలేదు.

ఇంకొకరి మాట మీద వేసిన గింజ చెల్లదని తేల్చి, వారం తర్వాత నా పేరు మీద ముంత మళ్లీ పెట్టారు. ఆరు తెల్ల గవ్వలు పడ్డాయి. నాకు ఆ మండలి వద్దని రెండు రోజులు మంకుపట్టు పట్టాను. అవ్వ నా జుట్టు దువ్వుతూ దువ్వెనతో ఒకటి కొట్టింది.

“నీ కోసం ఒకడు పేరు పోగొట్టుకున్నడు. నువ్వు అలిగి కూసుంటె వాని పేరు వాపస్ వస్తదా? పో, పోయి ఏసుకో.”

నేను అడగకుండానే బాపు అయిదో పట్టీ కుట్టాడు. అదే నీలం దొరకలేదు, కొంచెం ముదురు రంగు. నా భుజం కొలిచేటప్పుడు ఆయన నోట్లో సూదులు లేవు. అయినా ఏమీ మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఉత్తరం వచ్చింది. పట్నంలో సీటు వచ్చింది. స్టేషను దాకా వస్తానన్నాడు బాపు. స్టేషనుకు వచ్చాక జడ్చర్లకు టికెట్టు తీసుకున్నాడు. “అక్కడ ఒకాయన కోటు కొలతలు తీస్కోవాలె,” అన్నాడు. జడ్చర్ల వచ్చింది, దిగలేదు. “షాద్‌నగర్‌ల గూడ తెలిసినోళ్లున్నరు,” అన్నాడు. షాద్‌నగర్‌లో దిగి, ఉడికిన పల్లికాయలు కొని కిటికీలోంచి అందించి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. రైలు కూత పెట్టింది. నేను చెయ్యి ఊపాను. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి మళ్లీ ఎక్కాడు. నా ఎదురుగా కూర్చుని, ఆయాసం తీరాక, “నేనే అడిగిన బిడ్డా వాణ్ని. తప్పు నాది,” అన్నాడు. అంతకు ముందు ఏడాదంతా ఆ మాట అనలేదు, ఆ తర్వాత బతికినన్నాళ్లూ అనలేదు. పట్నంలో నా పెట్టె మోసుకుని హాస్టలు గేటు దాకా వచ్చాడు. దారి పొడుగునా తల వంచుకునే నడిచాడు.

మండలి ఇంకో మూడేళ్లు నడిచిందని విన్నాను. సారుకు బదిలీ అయ్యాక పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ గదిలో సైన్సు సామాను పెట్టారు. పుస్తకం ఏమైందో తెలియదు. ఫోటోలకు చెదలు పట్టాయట.

చాలా ఏళ్లకు, నేనూ లెక్కలు చెప్పే పంతులమ్మనయ్యాక, పరీక్షల పని మీద నల్లగొండ పోయాను. పరీక్ష జరిగే బడి గేటు బయట ఒకాయన పిల్లల చెప్పులకు కాపలాగా కూర్చుని ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. తన పల్లె బడి నుంచి పిల్లలను పరీక్షకు తోలుకొచ్చాడు. నేను గుర్తుపట్టకముందే, “చెల్లె,” అన్నాడు.

రెండు చాయ్‌లు తెప్పించాను. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. ఇక ఉండలేక అడిగాను.

“ఆ రోజు నా కోసమే చెప్పినవా అన్నా?”

“అబద్ధం ఎందుకు చెల్లె, నీ కోసం కాదు. ఆ నలుగురు పోరగాళ్లు నా మొకం దిక్కు చూస్తున్నరు. వాళ్లతోని ఆ మాట అనిపియ్యనీకి నాకు నోరు రాలె.” చాయ్ ఊదుకుంటూ, “పట్నంల సదువుకుంటె ఎట్లుండెనో అని ఇప్పుడు గూడ అప్పుడప్పుడు అనిపిస్తది,” అన్నాడు. తర్వాత అడిగాడు. “కాక ఎట్లున్నడు?”

“పోయిండన్నా. మొన్న ఎండకాలంల.”

చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. చెదిరిన పిల్లల చెప్పులు జతలుగా సర్దాడు.

“ఆయన జిందగీల నన్ను ఒక్కటంటె ఒక్కటి అడిగిండు. గదొక్కటి గూడ నిలబెట్టలేకపోతి,” అన్నాడు.

అతను ఎప్పుడైనా కనబడితే ‘నిన్ను మన్నించిన అన్నా’ అనాలని ఏళ్ల తరబడి ఆ మాట నోట్లోనే పెట్టుకుని తిరిగాను. అది అతనికి అక్కరలేనే లేదు. అతని మనసులో తప్పు నా పట్ల కాదు, బాపు పట్ల.

“బాపు నిన్నెన్నడు ఏం అనుకోలేదన్నా,” అన్నాను.

“అనుకోడు చెల్లె. గదే నాకు పడ్తలేదు.”

గంట మోగింది. పిల్లలు బిలబిలమని బయటకు వచ్చారు. అతను లేచి, ఏ లెక్క వచ్చింది, ఏది తప్పింది అని ఒక్కొక్కరినీ అడుగుతూ వాళ్లలో కలిసిపోయాడు. నేను రెండు గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఒక పుస్తకంలో నా పేరు ఎక్కడానికి ఆ ఇద్దరూ ఒకరినొకరు పోగొట్టుకున్నారు. ఆ వయసులో నాకది కనబడలేదు. నాకు కనబడింది నా పేరొక్కటే.